నెట్ డబ్బా ముట్టుకోవద్దన్నాను

“రెండు నిమిషాలు ఆపి వేస్తే నీ సొమ్మేం పోయింది?” అని మా ఆయన అప్పటికి మూడోసారి అడిగారు. ఒంటిగంట దాకా నెట్ డబ్బా ముట్టుకోవద్దని నేనూ మూడోసారి చెప్పాను. మా ఇంట్లో టీవీలో బొమ్మ ఆగితే ఆ డబ్బా స్విచ్ కట్టేసి మళ్ళీ వెయ్యడం ఆనవాయితీ. రోజంతా ఇంట్లోనే ఉన్నా ఈయన చేసే ఇంటిపని అదొక్కటే.

“నా సీరియల్ ఆపించి తను సీరియల్ పెట్టుకుంటుందిట” అన్నారు అత్తయ్య సోఫాలోంచి. పొద్దున నేను ఫోన్లో ‘సీరియల్ కన్సోల్’ అనడం విన్నారు. నవ్వొచ్చింది గానీ నవ్వే ఓపిక లేదు.

భోజనాల బల్లే నా ఆఫీసు. నేను చూసుకునే సర్వరు వేరే ఊళ్ళో, తాళం వేసిన గదిలో ఉంటుంది. దాంతో నా మాటలన్నీ నెట్ మీదుగానే. ఇవాళ దాని నెట్‌వర్క్ అడ్రసులు మార్చాలి. తేడా వస్తే అది లోపల, నేను బయట. అందుకే ముందుగా దాని సీరియల్ పోర్టు మీద లాగిన్ పెట్టుకోవాలి. నెట్‌వర్క్ పోయినా, సర్వరు వెనక ఆ పోర్టునుంచి ఒక సన్నటి తీగ ఇంకో పెట్టెలోకి వెళ్తుంది, ఆ పెట్టె నన్ను లోపలికి తీసుకెళ్తుంది. సీరియల్ కన్సోల్ అంటే అదే. “ఇంటినుంచి చేసేవాళ్ళకి ఇలాంటివి ఇవ్వొద్దంటున్నారు మేడమ్ పైవాళ్ళు. ఇవాళ సాఫీగా అయితేనే సర్వర్లు మీ దగ్గరుంటాయి” అన్నాడు మేనేజరు. పదకొండేళ్ళుగా నా దగ్గరే ఉన్నవి.

పొద్దున ఆ లాగిన్ కోసం కూర్చుని ఎన్నిసార్లు లేచానో. మొదట తెరమీద పిచ్చి అక్షరాలొచ్చాయి, రెండు చివర్లా అక్షరాలు పంపే వేగం ఒకటి కాలేదు. అది సరిచేసేలోగా అత్తయ్య మాత్ర వేళయింది. వేగం కలిశాక సర్వరు తన గోలంతా చెప్పుకుంది గానీ లాగిన్ అడగలేదు. ఆ పోర్టుకి లాగిన్ అడిగే సర్వీసు వెయ్యడం మర్చిపోయాను. సరిగ్గా ఆ లైను దగ్గరే “నా నీలం చొక్కా ఏది?” అని కేక వినిపిస్తే లేచి వెళ్ళి, బీరువాలో ఆయన ముక్కు ముందే ఉన్నదాన్ని తీసిచ్చి వచ్చాను మరి. “నువ్వుంటే నాకేదీ వెతుక్కోనక్కర్లేదు” అనేవారు పెళ్ళయిన కొత్తలో. ఇన్నేళ్ళూ అది మెచ్చుకోలనే అనుకున్నాను. సర్వీసు వేశాను. నల్లటి తెరమీద లాగిన్ అడిగింది. పేరూ పాస్‌వర్డూ కొడితే రానిచ్చింది.

అడ్రసుల మార్పు సగంలో ఉండగా తెర బిగుసుకుపోయింది. తలెత్తి చూస్తే డబ్బా మీద దీపాలన్నీ ఆరిపోయి ఉన్నాయి. ఆయన చెయ్యి ఇంకా స్విచ్ మీదే ఉంది.

“అమ్మ అడిగిందని... రెండు నిమిషాలేగా.”

నేను అరవలేదు. ఫోన్లోంచి నెట్ తీసుకుని చూశాను. సర్వరు పలకలేదు. నా కనెక్షన్ తెగడంతో అక్కడ నడుస్తున్న పనీ సగంలో ఆగిపోయింది. పాత అడ్రసు పోయింది, కొత్తది ఇంకా రాలేదు. సీరియల్ కన్సోల్ తెరిచి ఎంటర్ కొట్టాను. ఏమీ లేదు. మళ్ళీ కొట్టాను. లాగిన్ అడిగింది.

మిగతా సగం ఆ సన్నటి దారిలోంచే, ఒక్కో లైనూ కొట్టుకుంటూ పూర్తిచేశాను. ఒంటిగంటకి ఇరవై నిమిషాలుండగా మేనేజరుకి ‘అయింది’ అని పంపాను. అప్పటికి టీవీ కూడా బాగుపడింది. అందులో ఎవరో వెక్కివెక్కి ఏడుస్తున్నారు.

మా అమ్మాయి కాలేజీనుంచి వచ్చింది. బల్ల ఖాళీ చేసి, ముగ్గురికీ వడ్డించి, నేనూ కూర్చున్నాను.

“రేపటినుంచి వెనక గదిలో పనిచేస్తాను. పదినుంచి ఒంటిగంట దాకా లోపల గడియ పెట్టుకుంటాను. నెట్ డబ్బా కూడా ఆ గదిలోకే వస్తుంది.”

“అందులో నా వ్యాయామం సైకిలుందిగా!” అన్నారు ఆయన.

“ఆరేళ్ళుగా దానిమీద తువ్వాళ్ళేగా ఆరేస్తున్నాం. ఎక్కడైనా ఆరతాయవి.”

“మరి నా మాత్రలో?” అన్నారు అత్తయ్య.

“సీసాల మీద వేళలు రాసిపెట్టాను అత్తయ్యా. మీ అబ్బాయికి చదువొచ్చు.”

అమ్మాయి కిసుక్కున నవ్వి గ్లాసు అడ్డం పెట్టుకుంది. ఆయన నవ్వలేదు.

“అర్జెంటు పనొస్తే?”

“అర్జెంటంటే ఏవో మీ ముగ్గురూ మాట్లాడుకుని కాగితం మీద రాయండి. తలుపుకి అంటిస్తాను. చొక్కా మాత్రం రాయకండి.”

ఆయన బల్ల మీదా కిటికీలోనూ చూసి, అలవాటుగా నావైపు తిరిగారు.

“పెన్నెక్కడుంది?”

నేను తినడం ఆపలేదు.