భుజం మీది కేబుల్

ఆ వర్క్‌షాపులోని పెద్ద వెల్డింగ్ మిషనుకు ఏనుగు అని పేరు పడిపోయింది. ఆరు వందల ఆంపియర్ల మిషను అది. చక్రాలున్నా నలుగురు పట్టనిదే కదిలేది కాదు. స్విచ్ వేస్తే కాళ్ళ కింద నేల సన్నగా వణికేది. గేట్లకీ గ్రిల్స్‌కీ దాని జోలికి ఎవరూ పోయేవారు కాదు. రాళ్ళు నలిపే క్రషర్ల దవడలో, బండెడు బరువుండే పళ్ళచక్రాలో పగిలి వచ్చినప్పుడే దాని మీది పట్టా తీసేవారు.

ఏనుగును లొంగదీసిన మనిషి పెద్దమేస్త్రి. చిటికెన వేలంత లావు రాడ్డును నాలుగు వందల యాభై ఆంపియర్ల మీద వణుకూ తొణుకూ లేకుండా నడిపేవాడు. అంత కరెంటు మోసే కేబుల్ మణికట్టంత లావుంటుంది. అది చేతిని కిందికి గుంజకుండా, మెడ చుట్టూ తువ్వాలు వేసుకున్నట్టు వేసుకునేవాడు. "బరువు భుజం మొయ్యాలి, చెయ్యి పని చెయ్యాలి" అనేవాడు. కూతురికీ అలాగే నేర్పాడు. ఆమెను అందరూ చిన్నమేస్త్రి అనేవారు. ఆయన తమ్ముడు అదే ఆవరణలో, అవతలి షెడ్డులో ఇనుము చెక్కే లేత్ మిషను నడిపేవాడు.

కొన్ని నెలల కిందట అన్నదమ్ములిద్దరూ పైఊళ్ళో పని ఉందని వెళ్ళి వచ్చారు. అప్పటినుంచీ పెద్దమేస్త్రి ఏనుగును ముట్టుకోవడం మానేశాడు. "నువ్వు చెయ్యమ్మా, నేను చూస్తుంటా" అని కూతురికి చెప్పి దూరంగా గుమ్మం దగ్గర నిలబడేవాడు. తండ్రి తనను పరీక్షిస్తున్నాడనుకుంది ఆమె. లోలోపల గర్వపడింది కూడా.

ఆ రోజు వచ్చింది క్రషర్ దవడ. అరచెయ్యి దూరేంత పగులు. అలాంటి పోత ఇనుమును ముందు గ్యాసు మంటతో బాగా వేడెక్కించాలి. ఆ వేడి మీదే, ఆపకుండా, కరిగిన రాడ్డును పొర మీద పొర పోసి ఆ పగులు గుంట నింపాలి. మధ్యలో చల్లారిందా, ఫెటిల్లుమని కొత్త పగులు వస్తుంది. పడిన కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే.

పొద్దుటి నుంచీ చిన్నమేస్త్రి ఒక్కతే పోసింది. కింద దవడ సెగ, ఎదురుగా రాడ్డు కొసన మండే ఆర్క్ సెగ. తోలు చొక్కా లోపల చెమట కాలువలు కట్టింది. సగానికి పైగా గుంట నిండాక ఆమె కుడిచెయ్యి కొంకర్లు పోయింది. వేళ్ళు మూసుకోవు, తెరుచుకోవు. రాడ్డు పట్టే హోల్డరు పక్కన పడేసి ముసుగు పైకెత్తింది.

"నాన్నా! ఓ రెండు రాడ్లు పొయ్యి. నా చెయ్యి పట్టేసింది."

పెద్దమేస్త్రి కదలలేదు.

"బాబాయిని పిలవనా?" అన్నాడు.

"బాబాయికి వెల్డింగేం వచ్చు? లేత్ తప్ప ఇంకోటి తెలుసా ఆయనకి? రా నాన్నా, చల్లారిపోతోంది! అక్కడ దిష్టిబొమ్మలా నిలబడి చూస్తావేంటి?"

ఆమె గొంతులో కోపం కంటే ఏడుపే ఎక్కువుంది. పెద్దమేస్త్రి ఒక్క క్షణం తన చేతుల వంక చూసుకున్నాడు. తరువాత చకచకా వచ్చి ముసుగు తగిలించుకున్నాడు, రాడ్డు బిగించాడు. ఏళ్ళ తరబడి అలవాటైన పని కదా, ఆలోచించకుండానే కేబుల్‌ను మెడ చుట్టూ వేసుకున్నాడు.

ఆర్క్ వెలిగింది. షెడ్డు గోడలు నీలంగా మెరిశాయి. అదే నిబ్బరం, అదే చెయ్యి. చిన్నమేస్త్రి వేళ్ళు పిసుక్కుంటూ, 'అబ్బ, ఎన్నాళ్ళకు చూశాను' అనుకుంది.

సగం రాడ్డు కూడా కాలలేదు. ఆయన మోకాళ్ళు మడతపడ్డాయి. కేకైనా వెయ్యకుండా, గోతం జారినట్టు పక్కకు ఒరిగిపోయాడు. రాడ్డు దవడకు అతుక్కుపోయి ఎర్రగా కాగుతోంది. ఏనుగు ఘీంకరిస్తోంది. కేబుల్ ఇంకా ఆయన ఛాతీ మీదే ఉంది.

"షాక్ కొట్టింది! ఎవరూ ముట్టుకోకండి!" అని గ్రైండింగ్ చేసే అతను అరిచాడు.

ఆ అరుపు విని అవతలి షెడ్డులోంచి బాబాయి పరుగెత్తుకొచ్చాడు. ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు.

"మిషను ఆపు! ముందు మిషను ఆపవే! ఆ కేబుల్ దగ్గరుంటే లోపల మిషను పనిచెయ్యదు!"

లోపల మిషనేంటో ఆమెకు అర్థం కాలేదు. కాళ్ళు మాత్రం పరుగెత్తాయి. స్విచ్‌ను పిడికిలితో గుద్దింది. రొద ఆగింది. ఆ నిశ్శబ్దంలో బాబాయి ఏడుపొక్కటే వినిపించింది.

ఆమె కేబుల్ లాగి అవతల పారేసి, తండ్రి మెడ మీద వేళ్ళు పెట్టింది. కొంకర్లు పోయిన వేళ్ళకు నాడి దొరకలేదు. ఛాతీ నొక్కుదామని తోలు చొక్కా విప్పి, లోపలి చొక్కా గుండీలు తెంపింది. ఎడమ భుజం ఎముక కింద ఒక గాటు, దాని కింద కోడిగుడ్డును అదిమి పెట్టినట్టు ఒక ఉబ్బు. చెయ్యి ఆనించింది. చర్మం కింద గట్టిగా ఏదో లోహం తగిలింది.

ఇనుము మధ్య పుట్టి పెరిగిన పిల్ల ఆమె. లోహాన్ని తాకి భయపడింది మాత్రం అదే మొదటిసారి.

"ఏంటిది బాబాయ్? ఏంటిది?"

"గుండె నడిపే మిషనమ్మా. పైఊరి పని కాదు, ఆస్పత్రికి వెళ్ళాం. ఒట్టు వేయించుకున్నాడు నా చేత..."

ఆమె మళ్ళీ మెడ పట్టి చూసింది. ఈసారి వేలి కింద టప్ మంది. మరోటి. మరోటి. పెద్దమేస్త్రి దీర్ఘంగా ఊపిరి లాగి కళ్ళు తెరిచాడు. చుట్టూ చూసి, "గుంట నిండిందా?" అన్నాడు.

ఆమెకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. దవడలు టకటకా కొట్టుకోవడం మొదలుపెట్టాయి. ఎంత బిగపట్టినా ఆగలేదు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ పరీక్షలు చేసి, పరికరం బాగానే ఉందని చెప్పింది. "ఇది గుండె చప్పుడు వింటూ ఉంటుంది. గుండె తనంతట తాను కొట్టుకుంటే ఊరుకుంటుంది, లేకపోతే కొట్టిస్తుంది. మీ కేబుల్‌లోని కరెంటు రొదను గుండె చప్పుడనుకుని ఊరుకుంది. ఇంకాసేపు అలాగే ఉండుంటే..." అని ఆపేసింది.

కబురందుకుని చిన్నమేస్త్రి తల్లి వచ్చింది. కూతురు చెప్పిందంతా నిలబడే విన్నది. తరువాత గోడకు ఆనుకుని మెల్లగా నేల మీదికి జారి కూర్చుంది.

"గ్రైండింగ్ చక్రం ముక్క ఎగిరి తగిలిందన్నారే! నా చేత్తో నేనే కట్టు మార్చానే! రోజూ మందు రాశానే ఆ గాటుకి, ఆ ఉబ్బును వాపే అనుకున్నానే!" తన అరచేతులను ఎవరివో అన్నట్టు చూసుకుంది. మరిది దగ్గరికొచ్చి "వదినా" అనబోయాడు. "నువ్వు మాట్లాడకు. నా ఎదుట కూర్చుని అన్నం తిన్నావు, ఒక్క ముక్క చెప్పావా?" అంది. ఆయన తల దించుకుని వరండాలోకి వెళ్ళిపోయాడు.

చిన్నమేస్త్రి తండ్రి మంచం పక్కన కూర్చుంది.

"మాకెందుకు చెప్పలేదు?"

"చెబితే షెడ్డు గడప తొక్కనిస్తారా మీ అమ్మా నువ్వూ? ఇంట్లో కూర్చుని ఏం చెయ్యను, ఈగలు తోలుకోనా?"

"పోనీ చెప్పలేదు. తెలిసి తెలిసి హోల్డరు ఎందుకు పట్టుకున్నావు?"

ఆయన కిటికీ వైపు చూశాడు.

"నువ్వు పిలిచావుగా."

ఆమె లేచి బయటికి నడిచింది. వరండాలో బాబాయి పక్కన కూర్చుంది.

దవడ అనుకున్నట్టే చల్లారి, పోసిన చోటే మళ్ళీ పగిలింది. పాత పోతంతా తొలగించి మొదటినుంచీ పొయ్యాల్సి వచ్చింది. ఈసారి చిన్నమేస్త్రి పక్క ఊరి వెల్డరును జతకు పిలిపించుకుంది. ఇద్దరూ వంతులవారీగా పోసి ముగించారు. అంతసేపూ చిన్నమేస్త్రి తల్లి పెద్దమేస్త్రిని ఇంటి గుమ్మం దాటనివ్వలేదు.

ఇంట్లో కూర్చోబెడితే ఆయన నిజంగానే చిక్కిపోయాడు. చివరికి కూతురే డాక్టరమ్మను అడిగి వచ్చింది. వెల్డింగ్ దరిదాపులకు పోకూడదు, లేత్ దగ్గర పని చేసుకోవచ్చు, మోటారుకు మాత్రం మూరెడు ఎడంగా ఉండాలి. అలా పెద్దమేస్త్రి తమ్ముడి షెడ్డులో కొత్తగా చేరాడు. మొదట్లో వరుసగా రెండు ఇరుసులు పాడుచేశాడు.

"అన్నయ్యా, అది ఇనుము, వంకాయ కాదు, మెల్లగా కొయ్యి" అని తమ్ముడు కసిరితే, "సరేరా మేస్త్రీ" అని పడుండేవాడు. వదిన ఇంకా మరిదితో మాట్లాడటం లేదు. అన్నం కూడా ఆయన వాటా భర్త చేతికే ఇచ్చి పంపుతోంది.

చిన్నమేస్త్రి ఇప్పుడు కేబుల్ భుజం మీద వేసుకోవడం లేదు, స్టాండు మీద వేస్తోంది. ఏనుగు స్విచ్ వేసే ముందు ఆవరణ దాటి వెళ్ళి, లేత్ షెడ్డు తలుపు తనే మూసి వస్తుంది. ఆర్క్ వెలిగిన తరువాత కూడా ఒక్కోసారి చటుక్కున ఆపి, ముసుగు ఎత్తి, వెనక్కి తిరిగి గుమ్మం వైపు చూస్తుంది.