ఆకలేస్తా ఉండాదత్తా

“ఇంగ నువ్వు పనికి పోవద్దులే అమ్మణ్ణీ. ఇంట్లోనే ఉండి బాగా తిను, బాగా పండుకో” అంది శకుంతలమ్మ, కోడలికి అయిదో నెల పడగానే.

ప్రేమగానే అంది. ఐశ్వర్యకూ ఆ మాట ప్రేమగానే వినిపించింది. మూడేళ్ళుగా ఆమె సత్యవేడు బయట కార్లకు వైర్లు కట్టే కంపెనీలో పనిచేస్తోంది. తెల్లవారకముందే లేచి వంట ముగించి, రోడ్డు మీదికి పరుగెత్తి కంపెనీ బస్సు పట్టుకోవాలి. రోజంతా నిలబడి రంగురంగుల వైర్లు వరస తప్పకుండా బిగించాలి. “అన్ని వైర్లు బిగించేదానివి, ఇంట్లో ఫ్యూజు పోతే నన్నెందుకు పిలుస్తావే?” అని నవ్వేవాడు బాలచంద్ర. అతనికి బజార్లో మోటార్లు బాగుచేసే షాపు ఉంది. ఫ్యూజు వేయడం ఆమెకు రాక కాదు. వస్తుందని తెలిస్తే అది కూడా తన పనుల్లో చేరుతుందని ఊరుకునేది.

పని మానేసిన మొదటి వారం పండగలాగే గడిచింది. పొద్దెక్కేదాకా పడుకుంది. మామ మునిరామయ్య పొలం నుంచి వస్తూ లేత కొబ్బరికాయలు తెచ్చాడు. బాలచంద్ర దానిమ్మలు, ఖర్జూరాలు తెచ్చి ఫ్రిజ్ నింపాడు. అత్త మోకాళ్ళకు నూనె రాసుకుంటూ, “కోడలు ఇంట్లో ఉంటే ఇల్లు నిండుగా ఉండాది” అని పక్కింటావిడతో చెప్పింది.

ఇల్లు నిండుగా ఉండడమంటే ఏమిటో తర్వాత మెల్లగా తెలిసింది. ఇదివరకు ఆమె పొద్దున ఒకపూట వంట చేసి పోతే, మిగతాది అత్త ఎలాగో నెట్టుకొచ్చేది. ఇప్పుడు కోడలు ఇంట్లోనే ఉందిగదా. కూలివాళ్ళకు సంగటి కెలకడం, షాపుకు టీ పంపడం, మామ స్నానానికి నీళ్ళు కాచడం, వచ్చిన చుట్టానికి రెండు దోసెలు పోయడం, ఏవీ పెద్ద పనులు కావు. ఏదీ ఎవరూ గట్టిగా చెప్పి చేయించిన పని కూడా కాదు. “కూర్చోనే చెయ్యమ్మా, తొందరేం లేదు” అనేది అత్త. కూర్చుని చేస్తే మాత్రం పని పని కాకుండా పోతుందా? ఇక తిండి సంగతి. ఆ ఇంట్లో మగవాళ్ళు తిన్నాకే ఆడవాళ్ళు తినాలని ఎవరూ ఎప్పుడూ అనలేదు. అనాల్సిన అవసరమే రాలేదు. పొలం నుంచి మామ ఒంటిగంటకొకరోజు, రెండింటికొకరోజు వస్తాడు. బాలచంద్ర చేతిలో మోటారు విప్పి ఉంటే మూడైనా రాడు. వాళ్ళిద్దరూ తిని లేచాక అత్తాకోడళ్ళు గిన్నెలు ముందేసుకునేవారు. అప్పటికి సంగటి ముద్ద గట్టిపడి ఉండేది. పులుసులో రసం మాత్రం మిగిలి ఉండేది. అంగన్‌వాడీలో ఐశ్వర్య పేరున ఇచ్చే గుడ్లు కూడా ఆ పులుసులోనే ఉడికేవి. మామకు ఒకటి, మొగుడికి రెండు, చుట్టమెవరైనా ఉంటే ఇంకొకటి. “నీకు పెట్టుకున్నావా?” అని ఎవరో ఒకరు తప్పకుండా అడిగేవారు. “ఆఁ” అనేది ఆమె.

ఫ్రిజ్‌లో దానిమ్మలు ఉండేవి, కాదనకూడదు. కానీ ముసలత్త కింద కూర్చుని బియ్యంలో రాళ్ళేరుతుంటే, కోడలు కుర్చీలో కూర్చుని గింజా గింజా ఒలుచుకుని తినడమా? అలా తినే కోడలిని ఐశ్వర్య ఎక్కడా చూడలేదు, తన పుట్టింట్లోనూ చూడలేదు. ఒకసారి రెండో ముద్దకు చెయ్యి చాపితే అత్త మెల్లగా, “మరీ నిండా తినకు బిడ్డా. కడుపులోది పెద్దదైతే కాన్పు కష్టమైతాది” అంది. ఆ చెయ్యి వెనక్కి వచ్చేసింది.

ఏడో నెలలో ఆసుపత్రికి పోయినప్పుడు డాక్టరమ్మ కాగితాలు అటూ ఇటూ తిప్పి చూసింది. “బరువు పెరగాల్సింది పోయి తగ్గినావే! రక్తం కూడా తగ్గింది. బిడ్డ ఎదగొద్దా? ఏం తింటున్నావమ్మా?”

ఐశ్వర్య నోరు తెరిచేలోపే బాలచంద్ర అందుకున్నాడు. “అన్నీ తెచ్చి పెడతా ఉండాం మేడం. ఈ మనిషే తినదు.”

డాక్టరమ్మ ఐశ్వర్యను చిన్నపిల్లను చూసినట్టు చూసి, తల ఊపి, మాత్రలు రాసింది. బండి మీద ఇంటికి వస్తూ ఐశ్వర్య ఆ మాటే నెమరేసుకుంది. తినదు. నిజమేనేమో. అన్నీ తెస్తున్నారు, ఎవరూ వద్దనడం లేదు, మరి తినకపోవడం తన తప్పే కదా. మొగుడు కొట్టేవాడు కాదు, తిట్టేవాడు కాదు, అత్త కూడా మంచిదే. వీళ్ళ మీద ఏమని చెప్పుకోవాలి? చెప్పుకోవడానికి ఏమీ దొరకనప్పుడు తప్పు తనదేనని ఒప్పుకోవడం తేలిక. ఇంటికి చేరేసరికి తనకు ఆకలి తక్కువని ఆమే నమ్మేసింది.

ఆ ఆదివారం చర్చి ముగించుకుని స్టెల్లా వచ్చింది. కంపెనీలో ఐశ్వర్య పక్కనే నిలబడి పనిచేసే పిల్ల. గొంతు పెద్దది, మనసు ఇంకా పెద్దది. వాకిట్లో చెప్పులు విడుస్తూనే కేక పెట్టింది.

“అయ్యో, ఏమే ఇంతగా చిక్కిపోయినావు? కడుపుతో ఉండే మనిషివేనా నువ్వు?”

“తినదమ్మా” అన్నాడు బాలచంద్ర లోపలి నుంచి.

“ఎవురు, ఐశ్వర్యానా?” స్టెల్లా పడీపడీ నవ్వింది. “అన్నా, క్యాంటీన్లో ఈమెకు భయపడి సాంబారు బకెట్టు మా బెంచీకి ముందు తెచ్చేవాళ్ళు తెలుసునా? నా గుడ్డు గూడా లాక్కోని తినేది. మధ్యాన్నం బెల్లు కొడితే అందరికంటే ముందు ఈమే ఉరికేది!”

బాలచంద్ర గుమ్మం దగ్గరికి వచ్చి, ఎవరో కొత్త మనిషిని చూస్తున్నట్టు పెళ్ళాం వైపు చూశాడు. శకుంతలమ్మ కాఫీ గ్లాసులు పట్టుకుని వంటింటి గడపలోనే ఆగిపోయింది. ఐశ్వర్యకు సిగ్గేసింది. ఆ తర్వాత నవ్వొచ్చింది. ఎన్నాళ్ళయిందో అంత నవ్వి.

స్టెల్లా వెళ్ళిపోయాక పెరట్లో బట్టలు మడతపెడుతూ ఐశ్వర్యకు ఆ క్యాంటీన్ కళ్ళముందు కదిలింది. పొడుగు బెంచీలు, గళ్ళ పళ్ళేలు, పొగలు కక్కే అన్నం, పొరియలని పిలిచే కూరగాయల వేపుడు, పెరుగు, చివర్లో ఒక అరటిపండు. బెల్లు కొడితే ఎవరి చేతిలో ఏ పనున్నా ఆగిపోవాల్సిందే. ఎవరు తిన్నారు, ఎవరు తినలేదు అని చూసుకోనవసరం లేదు. ఎవరికీ వడ్డించనవసరం లేదు. పక్కన కూర్చున్నవాళ్ళ పళ్ళెంలో ఏం తక్కువైందో కనిపెట్టనవసరం లేదు. తన ముందున్న పళ్ళెం తనది, అంతే. అరగంటసేపు ఆమె ఎవరికీ భార్య కాదు, కోడలు కాదు, ఆకలైన మనిషి. మూడేళ్ళు ఆ జీతం కోసమే ఉద్యోగం చేస్తున్నానని అనుకుంది గానీ, తన ఒంటిని నిలబెట్టింది ఆ పూట తిండి అని ఆమెకు తోచనే లేదు. విశ్రాంతి తీసుకోమని ఇంట్లో కూర్చోబెట్టారు. విశ్రాంతిలోనే ఎండిపోయింది. తప్పు తన కడుపులో లేదు. “తినదు” అనే మాటలో ఉంది. కడుపులో బిడ్డ కదిలింది. ఐశ్వర్య మడతపెట్టిన చీరను ఒళ్ళోనే ఉంచుకుని కొంచెంసేపు అలాగే కూర్చుంది.

మరునాడు మధ్యాహ్నం వంట కాగానే ఆమె పళ్ళెం తీసుకుంది. వేడి అన్నం పెట్టుకుంది, గుడ్డు పెట్టుకుంది, ఇంకో గుడ్డు కూడా పెట్టుకుంది. గోడకు ఆనుకుని కాళ్ళు చాపుకుని కూర్చుంది.

శకుంతలమ్మ విస్తుపోయి చూసింది. “మామ ఇంగా రాలేదే.”

“ఆకలేస్తా ఉండాదత్తా.”

ఆ మాట ఆ ఇంట్లో ఆమె అనడం అదే మొదటిసారి. అన్నాక ఇంకో ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. అత్త కొంచెంసేపు నిలబడి, లోపలికి పోయి, పెరుగు గిన్నె తెచ్చి కోడలి పక్కన పెట్టి పోయింది. అంతలో మునిరామయ్య వచ్చాడు. తింటున్న కోడలిని చూసి, గుమ్మంలోనే తడబడి, కాళ్ళు మరోసారి కడుక్కోవడానికి వెనక్కి మళ్ళాడు.

సాయంత్రం బాలచంద్ర షాపు నుంచి రాగానే అడిగాడు. “నాయన రాకముందే తినేసినావంట?” కోపంగా కాదు, వాతావరణం గురించి అడిగినట్టు అడిగాడు.

“నేనేం తప్పు పట్టలేదురా” అన్నాడు మునిరామయ్య మంచం మీద సర్దుకుంటూ. “మా కాలంలో ఇట్లాంటిది సూడలేదని చెప్పినా, అంతే. మీయమ్మనే సూడు. నువ్వు కడుపులో ఉండంగా నిండు నెలల్లో గూడా చేనికొచ్చి కలుపు తీసింది. ఒక దినమన్నా ఆకలి అనిందా? ఊరంతా మెచ్చుకున్నారు, పనిమంతురాలని.”

శకుంతలమ్మ ఆకుకూర ఒలుస్తోంది. తల ఎత్తలేదు.

“నేను చేనికి ఎందుకొచ్చినానో నీకు తెలుసునా?” అంది.

“పనికే గదా?”

“పనికి కాదు.” ఆకు తుంచి గిన్నెలో వేసింది. “చెనక్కాయలు తినేదానికి.”

ఆమే చెప్పింది. “ఇంట్లో మీయమ్మ, మీ నాయన, మీ అన్నదమ్ములు, మీరంతా తినేసరికి నాకు మిగిలేది గంజి, ఇంత ఊరగాయ. నిండా తింటే బిడ్డ పెద్దదైతాదని మీయమ్మ చెప్పింది. నేనూ నమ్మినా, ఇదో, నా కోడలికి గూడా అదే చెప్పినా. కానీ కడుపు నమ్మదు గదా? చేన్లో అయితే సూసేవాళ్ళు లేరు. చెట్టు పీకి, మన్ను దులిపి, గట్టు చాటున కూర్చోని పచ్చివే నమిలేదాన్ని. నా మొగుడి చేన్లో నేనే దొంగమాదిరి తిన్నానయ్యా. వీడు ఆ కాయలతో పెరిగినోడే.”

మునిరామయ్య భుజం మీది తువ్వాలు తీసి దులిపి, మళ్ళీ వేసుకున్నాడు. బాలచంద్ర తల్లినీ భార్యనూ మార్చి మార్చి చూశాడు. ఆ రాత్రి మునిరామయ్య వంటింట్లోకి తనే పోయి అన్నం పెట్టుకున్నాడు. గరిటె ఎక్కడుందో తెలియక రెండు అరలు తెరిచాడు గానీ, ఎవరినీ పిలవలేదు.

అంతటితో ఇల్లు మారిపోయిందని కాదు. ఒకరోజు గుర్తుండేది, ఒకరోజు మరిచిపోయి “శకుంతలా, నీళ్ళు!” అని మామ కేక వేసేవాడు. బాలచంద్ర పులుసు పోసుకోబోయి పొయ్యంతా పోశాడు. అది తుడవాల్సింది తనే అని అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. కానీ ఐశ్వర్య మాత్రం మధ్యాహ్నం పళ్ళెం తీసుకోవడం మానలేదు. దానిమ్మ ఒలుచుకుని తింది. పొద్దున రాగిజావ, సాయంత్రం ఉడకేసిన అలసందలు, ఆకుకూర లేని పూట లేదు. గ్లాసు పాలు తాగుతూ బియ్యం ఏరే అత్తతో కబుర్లు చెప్పింది. అత్తను కూడా తినమని పోరింది.

“నాకేమిప్పుడు, కడుపా కాన్పా?” అనేది శకుంతలమ్మ.

“కడుపుంటేనే ఆకలైతాదా అత్తా?”

ఆమె నవ్వి లేచిపోయేది. కూర్చునేది కాదు.

తర్వాతిసారి ఆసుపత్రిలో డాక్టరమ్మ బరువు చూసి కళ్ళు పెద్దవి చేసింది. రక్తం పెరిగింది, బిడ్డ బాగా ఎదుగుతోంది. “ఏం తింటున్నావమ్మా?” అని మళ్ళీ అడిగింది. బాలచంద్ర నోరు తెరిచాడు. అంతలోనే మూసుకుని భార్య వైపు చూశాడు. ఐశ్వర్య చెప్పింది. నిదానంగా, ఒక్కొక్కటీ, సిగ్గుపడకుండా చెప్పింది. డాక్టరమ్మ కాగితం మీద రాయడం ఆపి విన్నది.

తిరిగి వస్తుంటే బండి వెనక నుంచి ఆమె అంది. “బిడ్డ ఆర్నెల్లు పాలు తాగి, మెత్తన్నం తినడం మొదలైనాక నేను మళ్ళీ కంపెనీకి పోతా.”

“ఎందుకే? ఇప్పుడు ఇంట్లోనే బాగుండావు గదా?”

“బాగుండాను గాబట్టే పోతా.”

అతను ఎదురుగా వచ్చిన లారీని దాటించాక, “సరే, అమ్మను అడుగుదాం” అన్నాడు.

“నేను అడుగుతాలెండి.”

ఇంట్లో శకుంతలమ్మ అప్పుడే సంగటి దించింది. తోటకూర పుల్లగూర కుతకుతమంటోంది. డాక్టరు ఏమన్నదో విని, కోడలి బుగ్గలు నిమిరి, చేతులు తన కణతలకు ఆనించి మెటికలు విరిచింది. ఐశ్వర్య రెండు పళ్ళేలు కడిగింది. రెండింట్లోనూ పొగలు కక్కే ముద్ద పెట్టి, మధ్యలో గుంట చేసి నెయ్యి పోసి, పుల్లగూర వడ్డించింది. ఒక పళ్ళెం అత్త చేతికిచ్చి భుజం పట్టుకుని కూర్చోబెట్టింది. కంపెనీ సంగతి అప్పుడే అడుగుదామనుకుంది. కానీ అత్త ముద్ద విరిచి, కూరలో అద్దుకుని, వేడికి వేళ్ళు ఊదుకుంటూ నోట్లో పెట్టుకోవడం చూసి ఆగింది.

శకుంతలమ్మ నమిలింది. ఇంకొక ముద్ద తీసుకుంది. మూడో ముద్దకు ఆమె మొహంలో ఆశ్చర్యం, ఆ వెంటే కొంచెం కోపం కనిపించాయి.

“ఏమత్తా, ఉప్పు తక్కువైందా?”

“లేదే” అంది శకుంతలమ్మ పళ్ళెంలోకి చూస్తూ. “నేను ఇంత బాగా వండుతానా! నలభై ఏండ్లుగా ఈ ఇంట్లో ఒక్కరూ నాకు చెప్పలేదే!”