గులాబీ రంగు ఏప్రాన్

భర్త బారెండ్ పోయాక హెస్టర్ ఇంట్లోంచి ఒక్కొక్క వస్తువూ మర్యాదగా బయటికి వెళ్ళిపోయింది. ముందు తుపాకీ వెళ్ళింది, "నీకెందుకమ్మా ఆ బరువు" అంటూ. తర్వాత పొట్టేళ్ళు, ఆ తర్వాత గొర్రెల షెడ్డు తాళాలు. అన్నీ ఆమె మంచి కోసమే తీసుకెళ్ళారు. ఆ మాట చెవిన పడితే చాలు, ఇప్పుడామెకి ఒళ్ళు మండుతోంది. చివరికి మిగిలింది పాత డీజిల్ బండి. దాన్నీ కొనడానికి అపింగ్టన్ ఊళ్ళో మనిషి దొరికాడని కొడుకు ఎవర్ట్ చర్చి నుంచి వస్తూ వస్తూ, వాన కబురు చెప్పినట్టు చెప్పాడు.

"ఇసుకలో పరుగెత్తాల్సిన బండి కదమ్మా అది. దాన్ని నువ్వు చర్చికీ కొట్టుకీ తిప్పుతున్నావు. ఎందుకు చెప్పు?"

"సరే, ఇసుకలోనే తిప్పుతాను," అంది హెస్టర్. "కగలగాడి ఎడారి పార్కులో ఇసుక దిబ్బల దారి మొత్తం నేనే నడుపుతా. ఒక్కసారి నా బండికి తాడు కట్టి లాగినా సరే, తాళాలు నీ చేతిలో పెట్టేస్తా. లేదంటే ఆ మనిషి ఊసు మళ్ళీ నా దగ్గర ఎత్తకూడదు."

ఎవర్ట్ నవ్వి ఒప్పుకున్నాడు. ఆ నవ్వే అతనికి చేటు చేసింది. నవ్వకుండా ఉంటే ఆమె మర్నాటికి చల్లబడేదేమో.

సింహాలు తిరిగే ఆ దారిలోకి ఒంటరి బండిని పార్కు వాళ్ళు పోనివ్వరు. అందుకని బారెండ్ తమ్ముడు స్టోఫెల్ తన కొత్త తెల్ల బండి తీసుకుని, భార్య మాగ్డాతో సహా తయారయ్యాడు. ఎవర్ట్ తల్లి పక్క సీట్లో కూర్చున్నాడు, చేతిని హ్యాండ్ బ్రేకుకి బెత్తెడు దూరంలో పెట్టుకుని.

మొదటి రాత్రి మకాంలో, నిప్పుల మీద గొర్రె మాంసం చిటపటలాడుతుంటే, మాగ్డా సంచిలోంచి గులాబీ రంగు ఏప్రాన్ తీసింది. చుట్టూ కుచ్చులతో, స్టోఫెల్ నాయనమ్మ కుట్టించుకున్నది. ఆ ఇంట్లో ఆచారం ఒకటుంది. ఇసుకలో ఇరుక్కుని తాడుతో లాగించుకున్నవాడు ఆ ఏప్రాన్ కట్టుకుని, ఇంకొకడు ఇరుక్కునేదాకా అందరి గిన్నెలూ తోమాలి. మగవాళ్ళకి అది పరమ అవమానం. ఆడవాళ్ళు దాన్ని ఎన్నడూ కట్టుకోలేదు. వాళ్ళకి దిబ్బల మీద బండి ఇచ్చిందెవరు? గిన్నెలు మాత్రం ఏప్రాన్ లేకుండానే తోమారు, ఏటేటా.

"నడుముకి సరిపోతుందో లేదో చూసుకో వదినా," అన్నాడు స్టోఫెల్. "రేపు మధ్యాహ్నానికల్లా నీదే."

"ఉతికే ఉందా మాగ్డా?" అంది హెస్టర్.

"ఇస్త్రీ కూడా చేశానక్కా," అంది మాగ్డా, మొగుడి వైపు చూడకుండా.

పొద్దున్నే దిబ్బలు మొదలయ్యే చోట ఆగి టైర్లలో గాలి తగ్గించారు. మెత్తబడ్డ టైరు ఇసుక మీద పరుచుకుంటుంది, గట్టిది తవ్వుకుంటూ దిగిపోతుంది. హెస్టర్ మోకాళ్ళ మీద కూర్చుని గాలి తీస్తుంటే స్టోఫెల్ మీటరు పట్టుకొచ్చాడు.

"ఇదేంటి వదినా, ఇంత తీసేశావ్? అన్నయ్య లెక్క ఇంతకు పైనే కదా." అంటూ పంపు తెచ్చి మళ్ళీ గాలి కొట్టాడు. బారెండ్ లెక్క అంటే ఆ ఇంటి మగవాళ్ళకి ప్రార్థనతో సమానం. బారెండ్ బతికున్నన్నాళ్ళూ ఒక్కసారి కూడా ఇరుక్కోలేదు, ఏప్రాన్ కట్టుకోలేదు. హెస్టర్ ఏదో అనబోయి ఊరుకుంది. పోయిన మనిషి మీద మాట్లాడటం ఎందుకులే అనుకుంది.

"ముందు నువ్వే పద," అన్నాడు స్టోఫెల్. "వెనక నేనుంటే తాడు వెయ్యడం సులువు."

చిన్న దిబ్బలు బాగానే గడిచాయి. పెద్దది ఎర్రగా, ఎండకి పొడిపొడిగా మెత్తబడి ఉంది. సగం దాటాక బండి ఊపిరి బరువైంది, చక్రాలు ఒక్కసారి గిర్రున తిరిగాయి. హెస్టర్ వెంటనే కాలు తీసేసింది. బండి ఆగిపోయింది.

అద్దంలో స్టోఫెల్ కనబడ్డాడు. అప్పటికే తాడు భుజాన వేసుకుని, పెళ్ళిలో విడిది ఇంటికి వస్తున్నవాడిలా వస్తున్నాడు.

"పోనీలేమ్మా," అన్నాడు ఎవర్ట్, జాలిగా. "ఇక్కడిదాకా వచ్చావు, అదే ఎక్కువ. దిగు, నేను చూసుకుంటా."

ఆ జాలి ఆమెకి కారం పూసినట్టు తగిలింది. పార తీసుకుని దిగింది. ఇసుకలో సింహం అడుగులున్నాయి, అంచులు ఇంకా చెదరలేదు. ఎవర్ట్ వాటిని చూసి, "అమ్మా, లోపలికి రా," అన్నాడు గొంతు తగ్గించి.

"భయమైతే నువ్వు లోపలుండి చూస్తుండు. కనబడితే హారన్ కొట్టు."

చక్రాల వెనక ఇసుక తోడింది. తర్వాత నాలుగు టైర్లకీ గాలి తియ్యడం మొదలుపెట్టింది. స్టోఫెల్ తాడు పట్టుకుని నిలబడిపోయాడు.

"టైరు ఊడొచ్చేస్తుంది వదినా. అన్నయ్య ఎప్పుడైనా ఇలా చేశాడా?"

"మీ అన్నయ్య ఎప్పుడు వంగాడు స్టోఫెల్? ఆయన లెక్క చెప్పి కాఫీ పోసుకునేవాడు. గాలి తీసింది నేను. ఆయన చెప్పినదానికన్నా ప్రతిసారీ ఇంకా తీసేదాన్ని, చెప్పకుండా. ఆయన లెక్కతో ఈ బండి ఒక్క పెద్ద దిబ్బ ఎక్కలేదు. ఇవాళ నీ పుణ్యమా అని మొదటిసారి ప్రయత్నించింది. చూశావుగా."

స్టోఫెల్ మొహం ఎర్రబడింది. "పోయినవాడి మీద వేస్తున్నావా? మా అన్నయ్య అబద్ధాలకోరా?"

"ఆయనకి తెలీదు. తెలియనివాడు అబద్ధమెలా ఆడతాడు?"

"తాడు కట్టనివ్వు."

"ఆ తాడు నా బండికి తగిలిందంటే పారతో కొడతాను మరిదీ," అంది హెస్టర్. ఆమె అన్నంత పనీ చేసేలా ఉంది.

బండిని తిన్నగా వెనక్కి దించింది, దిబ్బ అడుగుదాకా, ఇంకా వెనక్కి, స్టోఫెల్ బండిని దాటుకుని. ఎవర్ట్ బెల్టు బిగించుకున్నాడు. ఈసారి హెస్టర్ తొందరపడలేదు, ఎక్కడా తటపటాయించలేదు. మెత్తటి టైర్లు ఇసుకని వెడల్పుగా పట్టుకున్నాయి. బండి మూలుగుతూ, ఊగుతూ, మధ్యలో తవ్విన చోటు దాటి శిఖరం మీదికి ముక్కు ఎత్తి అవతలికి వాలింది. హెస్టర్ ఏడుస్తోందని ఎవర్ట్ అప్పుడే చూశాడు. అది సంతోషమో కోపమో ఆమెకే తెలియదు, తుడుచుకోలేదు కూడా.

రెండు బండ్ల మధ్య మాట్లాడుకునే రేడియోలో స్టోఫెల్ గొంతు వినబడింది. "నేను వస్తున్నా. అన్నయ్య లెక్కతోనే."

ఇంజన్ అరుపు ఒకసారి వచ్చింది, తగ్గింది. రెండోసారి ఇంకా గట్టిగా వచ్చింది. తర్వాత చాలాసేపు చప్పుడు లేదు. హెస్టర్ ఫ్లాస్కులోంచి కాఫీ పోసుకుంది.

"వదినా," అంది రేడియో. "కొంచెం అవసరం పడింది."

"ఏం అవసరం మరిదీ? సరిగ్గా వినబడట్లేదు."

"అదే... కాస్త సాయం."

"ఇసుక హోరులో ఏమీ తెలియట్లేదయ్యా."

రేడియోలోకి మాగ్డా గొంతు వచ్చింది, హాయిగా. "తాడక్కా. తాడు కావాలంట. ఇరుసు దాకా దిగిపోయాం."

హెస్టర్ బండిని శిఖరం దగ్గరికి వెనక్కి తెచ్చి, ఎవర్ట్ చేత తాడు కిందికి వేయించింది. అవతలి వాలులో దిగుతూ లాగితే తెల్ల బండి పైకి వచ్చింది, స్టోఫెల్ స్టీరింగ్ వెనక సున్నం కొట్టిన గోడలా కూర్చుని ఉన్నాడు.

పొద్దు వాలకముందే మకాం చేరారు. మాగ్డా ఏప్రాన్ మొగుడి మెడలో వేసి, వెనక ముడి గట్టిగా బిగించింది. అతను గిన్నెల ముందు గొంతుక్కూర్చున్నాడు. తోముతూనే, తల ఎత్తకుండా అడిగాడు.

"నిజంగా ప్రతిసారీ గాలి తీసేదానివా వదినా?"

"ప్రతిసారీ."

"అన్నయ్యకి ఒక్కసారైనా చెప్పాల్సింది."

"చెబితే మళ్ళీ గాలి కొట్టించేవాడు. ఆ గిన్నె అడుగున మాడింది, ఇసుకతో రుద్దు."

ఎవర్ట్ నిప్పు అవతల నుంచి తల్లిని చూస్తూ కూర్చున్నాడు. నిప్పులోకి ఒక పుల్ల వేసి అన్నాడు. "ఆ అపింగ్టన్ ఆయనకి కబురు పెట్టేస్తాలేమ్మా, బండి లేదని."

"పెట్టు. ఇంటికి వెళ్ళాక తుపాకీ కూడా తెచ్చి దాని చోట తగిలించు. షెడ్డు తాళాలు కూడా."

"తుపాకీ ఎందుకమ్మా ఇప్పుడు? ఒకటే బరువు."

"నాది కాబట్టి," అంది హెస్టర్. "బరువు నేను చూసుకుంటాలే."

లేచి, రాత్రి చలికి టైర్లు పొద్దుటికి మరీ మెత్తబడతాయేమోనని ఒక్కొక్కదాన్నీ కాలితో నొక్కి చూసింది. తాళాలు జేబులో వేసుకుని బండి కప్పు మీద వేసిన గుడారంలోకి ఎక్కింది.