నాన్న పేరున్న మంచం

ఆసుపత్రికి కొత్త వార్డు కట్టడం కోసం చర్చిలో పెట్టిన కోత పండుగ వేలం పాటకు ఆ ఏడు జనం విరగబడ్డారు. గుమ్మడికాయ పాడుకున్నవాళ్లు కూడా కొత్త వార్డులో ఒక మంచానికి తమ పెద్దల పేరు రాయించమన్నారు. పుంగనూరు దారిలో సంఘం నడుపుకునే చిన్న ఆసుపత్రి అది. కమిటీ సెక్రటరీ నెహెమ్యాకు ఆ రోజుల్లో కాలు నేల మీద నిలవలేదు.

మదనపల్లె నుంచి వచ్చిన ఇంజినీరు దీప, అంటురోగులకు విడిగా ఒక గది గీసింది. వేరే తలుపు, గాలిని బయటికి లాగే ఫ్యాను, చేతులు కడుక్కునే తొట్టి.

"ఖర్చెక్కువే సార్. వార్డంతా జబ్బు పాకితే అయ్యే ఖర్చు ముందు ఇదెంత?"

"ఖాళీగా ఉండే గదికి దుడ్డు ఎవరిస్తారమ్మా? మంచమంటే ఇస్తారు" అని నెహెమ్యా కొట్టిపారేశాడు. ఆ చోట రెండు మంచాలు పట్టాయి. మొదటిదానికి తన తండ్రి పేరే రాయించాడు, మహానుభావుడు! ప్రారంభం నాడు ఆ పేరుపలకను జేబురుమాలుతో తుడిచాడు కూడా.

ఇప్పుడు ఆ మంచం మీద ఆయన భార్య యేసమ్మ ఉంది. గర్భసంచి ఆపరేషన్ బాగానే జరిగింది. అంతలో కుప్పం నుంచి మారెమ్మ అనే ఆమెను దగ్గుతో, కాలిపోయే జ్వరంతో తెచ్చి పక్క మంచం మీద వేశారు. అంటుకునే జ్వరమని డాక్టరుకు తెలుసు. వేరే చోటేదీ? నర్సు షైనీ మధ్యలో ఒక దుప్పటి కట్టింది. దుప్పటికి దగ్గు ఆగుతుందా! యేసమ్మకూ అంటుకుంది. దగ్గినప్పుడల్లా కుట్లు పట్టుకుని మెలికలు తిరిగిపోతోంది, ఊపిరి అందడం లేదు. వెంటనే మదనపల్లెకు తీసుకుపొమ్మన్నాడు డాక్టరు.

నెహెమ్యా స్ట్రెచర్ కోసం కేక పెట్టాడు. స్ట్రెచర్ వచ్చినా యేసమ్మ మంచం పట్టె వదల్లేదు.

"నేను యాడికీ రాను. మామ పేరుండే మంచమిది. ఈడే నయమవుతాది."

"ఈ మంచం వద్దు యేసమ్మా. ఈడ గది కట్టాల్సింది. నేనే వద్దంటి" అన్నాడు. ఆ మాట అనేసరికి ఆయనకు ఏడుపు వచ్చేసింది.

ఆమె పట్టె వదిలేసింది. దుప్పటి వైపు చూసి, "మరి ఆమెను యాడికి పంపిస్తావు?" అని అడిగింది.

అంబులెన్సు ఎక్కించాక, మందుల సంచీ కోసం మళ్లీ లోపలికి పరుగెత్తాడు. షైనీ అప్పటికే ఆ మంచం మీద ఉతికిన దుప్పటి పరుస్తోంది. కాలికి కట్టుతో ఒక ముసలాయన తలుపు దగ్గర కాచుకుని ఉన్నాడు.

"ఆ మంచం మీద ఎవర్నీ వేయొద్దమ్మా!" అన్నాడు నెహెమ్యా.

"ఇంక యాడ వేసేది సార్?" అంది షైనీ.

పక్కన మారెమ్మ దగ్గుతోంది.