తొట్టికి దప్పికైందా?

నేను ఒక బాప్తిస్మపు తొట్టిని. చర్చిలో వేదిక పక్కన, నడుం లోతున ఉంటాను. ఒంటినిండా నీలం టైల్స్. నుదుటి మీద పాలరాతి పలక: ‘దేవుని మహిమార్థము, జెకర్యా గారి కుటుంబం’. దేవుడి పేరు చిన్నక్షరాల్లో, దాత పేరు పెద్దక్షరాల్లో. చెక్కినవాడి తప్పేం లేదు, చెప్పినట్టే చెక్కాడు.

నేను పుట్టకముందు బాప్తిస్మాలు పంటకాలువలో జరిగేవి. సంఘ పెద్ద జెకర్యా గారు రొయ్యల చెరువులు తవ్వించి, మురుగంతా ఆ కాలువలోకి వదిలారు. నీళ్లు కంపు కొట్టాయి. విశ్వాసుల బాధ చూడలేక ఆయనే నన్ను కట్టించారు. కాలు విరగ్గొట్టి చేతికర్ర దానం చేసినట్టు. సంఘం చప్పట్లు కొట్టింది.

ఆ చెరువుల ఉప్పు దిగి పేటలో బోరు నీళ్లూ ఉప్పనయ్యాయి. జనం అవే తాగుతారు. నాకు మాత్రం బాప్తిస్మం ముందురోజు ట్యాంకరుతో మంచినీళ్లు.

మొన్న శనివారం సాయంత్రం నేను నిండగానే రాహేలమ్మ బిందెతో వచ్చింది. మనవరాలికి మూడు రోజులుగా వాంతులు. ఉప్పునీళ్లు కడుపులో నిలవడం లేదు.

పాస్టరు అయ్యగారు అడ్డం నిలబడ్డారు. “ప్రార్థన చేసి ప్రతిష్ఠించిన నీళ్లమ్మా. పిల్ల కోసం ప్రార్థిస్తాగానీ, బిందె తియ్యి.”

“దప్పికైనోళ్లకి నీళ్లిచ్చావా అని ప్రభువు అడుగుతాడని మీరే గదండీ చెప్పారు? తొట్టికి దప్పికైందని ఎవరన్నారండీ?”

అయ్యగారు జవాబుకి వాక్యం వెతుక్కునేలోపు బిందె మునిగింది. వెనకే పేట ఆడవాళ్లు వరసకట్టారు. రాత్రి పొద్దుపోయేసరికి నా అడుగున గరిటెడు నీళ్లు మిగిలాయి. తెల్లారేసరికి పిల్ల తేరుకుంది.

ఆదివారం బాప్తిస్మానికి తెల్లబట్టల్లో ముందు నిలబడింది జెకర్యా గారి కూతురు షారోను. చూస్తే నేను ఖాళీ. ట్యాంకరు సోమవారం గాని రాదు.

“కాలవుంది గదండీ. మా అందరికీ అక్కడే అయింది” అంది రాహేలమ్మ.

జెకర్యా గారు ఉలిక్కిపడ్డారు. “ఆ కాలవలోనా! ఆ నీళ్లు తగిలితే ఒళ్లంతా దద్దుర్లు! నా పిల్లని దింపనిత్తానా?”

అయ్యగారు బైబిలు మూశారు. ఇన్నేళ్లలో ఎన్నో సాక్ష్యాలు విన్నాను. జెకర్యా గారి నోట నిజంగా పాపపు ఒప్పుకోలు వినడం అదే మొదలు.

ఆయనకి మారుమనసు వచ్చిందనుకుంటున్నారా? వచ్చింది నాకు ఇనుప మూత. దానికి తాళం. మూత మీదా ఒక పలక: ‘దేవుని మహిమార్థము, జెకర్యా గారి కుటుంబం’.

ఈసారి దేవుడి పేరు ఇంకాస్త చిన్నదైంది.