నోరారా చెప్పాల్సిన మాట

కట్టుడు పళ్లు తయారుచేసే ఆవిడ రోజూ పొద్దున్నే దేవుణ్ణి కోరేది ఒక్కటే. ఆరోగ్యం కాదు, ఐశ్వర్యం కాదు. "వాణ్ణి నా చేతికి చిక్కించు దేవుడా" అని. పదకొండేళ్లుగా అదే కోరిక. వినీ వినీ దేవుడికే విసుగొచ్చిందేమో, ఒక మంగళవారం చిక్కించాడు. అదీ నోరు తెరిపించి మరీ, ఆవిడ కుర్చీలోనే కూర్చోబెట్టాడు.

వచ్చినవాడు ఒకప్పటి స్టోరుకీపరు. నోట్లో ఒక్క పన్ను లేదు, బుగ్గలు పీక్కుపోయాయి. ఆవిడ ముఖానికి మాస్కు ఉంది కాబట్టి అతను గుర్తుపట్టలేదు. ఆవిడ మాత్రం గుమ్మంలోనే పోల్చుకుంది. ఆ నోటిని ఎలా మరిచిపోతుంది? ఆవిడ తమ్ముడు పనిచేసిన కార్ఖానాలో రెండు మోటార్లు మాయమైతే, విచారణలో అందరి ముందూ "దేవుడి సాక్షిగా చూశాను, ఈ అబ్బాయే తీశాడు" అన్నది ఆ నోరే. తమ్ముడి ఉద్యోగం ఊడింది. తలెత్తుకోలేక ఊరు విడిచాడు. రెండేళ్లకి ఎక్కడో జ్వరమొచ్చి పోయాడని కబురొచ్చింది.

అంతకన్నా ఆవిడ కడుపు మండేది అమ్మని చూసి. దేవుడి పేరెత్తి ఎవరైనా అబద్ధమాడతారా అని అమ్మ ఆ మాటే నమ్మింది. రోజూ ప్రార్థనలో "నా బిడ్డ చేసిన దొంగతనం క్షమించు" అంటుంది. "వాడు తియ్యలేదే అమ్మా!" అని కూతురు ఎన్నిసార్లు మొత్తుకున్నా, "అక్కవి కదా, అలాగే అంటావు" అనేది.

అతని చిగుళ్లకి అచ్చు తీస్తుంటే ఆవిడ చెయ్యి దురద పెట్టింది. ఒక పన్ను గోరంత ఎత్తుగా వదిలేస్తే చాలు, నమిలినప్పుడల్లా ప్రాణం విలవిల్లాడుతుంది. కానీ అదీ ఒక శిక్షేనా? ఇంకో దుకాణంలో అరగదీయించుకుంటే పోతుంది. పదకొండేళ్ల కక్ష అంత చవగ్గా తీరడానికి వీల్లేదు.

మైనం మీద పళ్లు పేర్చి, నోట్లో పెట్టి, ఒక మాట పలికించి చూడటం ఆ పనిలో పద్ధతి. స, శ అన్నప్పుడు ఈల వస్తే ముందు పళ్లు మళ్లీ సర్దాలి. అందరిచేతా ఆవిడ "శనివారం సాయంత్రం" అనిపిస్తుంది. గురువారం అతనికి మాత్రం వేరే మాట ఇచ్చింది.

"దేవుడి సాక్షిగా చూశాను. ఏదీ, అనండి."

"దేవుడి..." అని ఆగిపోయాడు. ఆవిడ మాస్కు కిందికి లాగింది.

"నువ్వు... ఆ అబ్బాయి అక్కవా?"

"పలకండి. ఈల వస్తోందో లేదో చూడాలి."

"నేను చూడలేదమ్మా. ఆ రోజు స్టోరుకి తాళం వెయ్యడం మరిచిపోయింది నేనే. నా ఉద్యోగం పోతుందని భయపడి మీ తమ్ముడి మీదికి తోసేశాను. క్షమించమని దేవుణ్ణి రోజూ అడుగుతూనే ఉన్నాను."

"ఆయన్ని అడిగితే ఏం లాభం? ఆయన్నీ మీ అబద్ధంలోకి లాగారుగా! మా అమ్మని అడగండి. ఆవిడకి చెవుడు, బోసినోటితో గొణిగితే వినపడదు. శనివారానికి పళ్లు సిద్ధం చేస్తాను. వచ్చి నోరారా చెప్పండి."

ఆ రెండు రోజులూ ఆవిడ ఇంకో పని ముట్టలేదు. అంత శ్రద్ధగా కన్నతండ్రికి కూడా పళ్లు చెయ్యలేదు. మధ్యలో ఒక్కటే గుబులు, వాడు రాకుండా చక్కా పోతాడేమోనని. వచ్చాడు. పళ్లు అతికినట్టు కుదిరాయి. రెక్క పట్టుకుని లాగినంత పనిచేసి అమ్మ ఉండే వెనకగదికి తీసుకెళ్లింది.

మంచమ్మీద కూర్చున్న అమ్మ ముందు నిలబడి అతను అంతా చెప్పాడు. తాళం సంగతి, భయం సంగతి, అబద్ధం సంగతి. ఎక్కడా ఈల రాలేదు. కూతురు చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడింది. తిట్టమ్మా, కడిగి పారెయ్ అని లోపల లోపలే ఉసిగొల్పుతోంది.

అమ్మ అతని వంక చూడనేలేదు. కూతురి వంక చూసింది.

"వాడు తియ్యలేదా?"

"లేదమ్మా."

అతను చేతులు జోడించాడు. "నన్ను క్షమించండమ్మా."

"నన్నడుగుతావేం నాయనా?" అంది అమ్మ. "నా బిడ్డని నువ్వు దొంగ అన్నది ఒక్కసారి. నేను రోజూ అన్నాను. దేవుడి ముందు కూర్చుని, రోజూ అన్నాను."

కూతురు కట్టుకున్న చేతులు జారిపోయాయి. దాచి దాచి కొట్టిన దెబ్బ ఎవరికి తగిలిందో కళ్లారా చూస్తూ, వెళ్లి అమ్మ కాళ్ల దగ్గర చతికిలబడింది. రేపు పొద్దున్న దేవుణ్ణి ఏం కోరాలో ఆవిడకి తోచలేదు.