నిద్రపోయే పక్షి జెర్సీ

ఆటలో తొడిగిన ఐస్ హాకీ జెర్సీని ఉతికేవాళ్లను నేను మనుషుల్లో జమకట్టను. చెమట, రక్తపు చుక్క, గోడకు రాసుకున్న రంగు, పక్ అనే నల్ల రబ్బరు బిళ్ల తగిలిన మచ్చ ఉంటేనే అది జెర్సీ. లేకపోతే ఉత్త గుడ్డ.

అందులోనూ నా పిచ్చంతా వింత జెర్సీల మీద. జట్టు రోజూ వేసుకునేవి కావు, ఏడాదికి రెండు మూడు ఆటల కోసం సరదాగా కుట్టించేవి. కెనడాలో మా సస్కాచివాన్ పల్లెటూరి జట్టు పెలికన్స్ ఒక చలికాలం అలాంటివే కుట్టించింది. ముదురు నీలం మీద చుక్కలు, వాటి కింద రెక్కలో తల దూర్చి నిద్రపోతున్న పెలికన్ పక్షి. మూడు ఆటలూ ఓడిపోయారు. పక్షిని నిద్రపుచ్చి ఆటకు పంపితే ఇంతే మరి అని ఊరంతా నవ్వింది. నాకు మాత్రం ఆ బొమ్మ చూస్తే ఇప్పటికీ హాయిగా ఉంటుంది. కుట్టించినవి ఇరవై. పందొమ్మిది నా దగ్గరున్నాయి. మిగిలిన పద్నాలుగో నంబరు జెర్సీ దాన్ని తొడిగిన నెస్టర్ హ్నాటిక్ దగ్గరే ఉంది.

పదేళ్లుగా ఇవ్వనన్న మనిషి మార్చిలో ఒక మధ్యాహ్నం తనే ఫోన్ చేసి రమ్మన్నాడు.

తలుపు తీసిన ఆయన భార్య స్టెఫా నా కోటు అందుకుంటూ గొంతు తగ్గించింది. "ఒరెస్ట్, ఈయనకి జ్ఞాపకశక్తి తగ్గుతోందన్నాడు డాక్టరు. అప్పట్నుంచి ఈయన దేన్నీ నమ్మట్లేదు. ఆ గోలు కూడా కలేనేమో అంటున్నాడు. ఆ గోలు ఆయనది కాదని తేలితే నా చెవిన వెయ్యి, ఆయనకి చెప్పకు."

ఆ గోలు కథ మా ఊళ్లో తెలియనివాళ్లు లేరు. ఆ నిద్రపోయే పక్షి జెర్సీలతో ఆడిన ఒక సాయంత్రం ఉన్నట్టుండి వాతావరణం వెచ్చబడి, ఆట జరిగే రింకులో మంచు మీద పొగమంచు లేచింది. ఆటగాళ్లు దుప్పట్లు ఊపుతూ చుట్టూ తిరిగి దాన్ని తరిమారు. మళ్లీ ఆట మొదలైన నిమిషానికే, ఆ తెల్లదనంలో పక్ వలలో పడింది. మా జట్టులోని బోహ్డాన్ కొట్టాడని రాసేశారు. పక్ మధ్యలో దారి మళ్లిందని అవతలి గోల్‌కీపరు మొత్తుకున్నా ఎవరూ వినలేదు. నెస్టర్ మాత్రం నలభై ఏళ్లుగా అది తన గోలే అంటాడు. మణికట్టు ఇలా తిప్పాడట, పక్ పొగను కోసుకుంటూ పోయిందట. "మీ గోలు దేవుడొక్కడే చూశాడు పెద్దాయనా!" అని కాఫీ కొట్టులో ఏడిపించేవాళ్లు.

నెస్టర్ జెర్సీని బల్ల మీద పరిచాడు. ఉతకలేదు. ఆ కంపుకి నాకు ప్రాణం లేచొచ్చింది.

"నీకు మచ్చలు చదవడం వచ్చు కదరా. గోలు నాదా, కలగన్నానా, చెప్పు. నాదేనని తేలితే ఇది నువ్వు పట్టుకుపో."

పత్రికవాళ్లు ఆ రోజు తీసిన రెండు ఫొటోలు నా సంచిలో ఉన్నాయి. ఒకదాంట్లో దుప్పట్లు ఊపుతున్నారు. రెండోదాంట్లో, గోలు పడగానే అందరూ బోహ్డాన్‌ను వాటేసుకున్నారు. రెండింట్లోనూ నెస్టర్ వీపే మనవైపు ఉంది. భూతద్దం పెట్టాను. మొదటి ఫొటోలో వీపు శుభ్రంగా ఉంది. రెండోదాంట్లో వంపు తిరిగిన నల్లటి మచ్చ ఉంది. జెర్సీ నావైపు తిప్పుకుని చూశాను. అదే మచ్చ. ఈ ఆటలో, కొట్టిన జట్టులో పక్ చివరగా ఎవరికి తగిలితే వాళ్లదే గోలు.

"గోలు మీదే," అన్నాను.

స్టెఫా సిలువ గుర్తు వేసుకుంది.

"కానీ మీరు కొట్టలేదు. బోహ్డాన్ కొట్టింది మీ వీపుకి తగిలి మళ్లింది. మీరు అటు తిరిగి ఉన్నారు."

చెప్పానేగానీ నా మీద నాకే అసహ్యం వేసింది. నలభై ఏళ్లుగా ఆయన దాచుకున్న ఆ మణికట్టు దెబ్బను లాగేసుకున్నాను.

"వీపా!" స్టెఫా పకపకా నవ్వింది. "ఇన్నేళ్లూ ఆ మణికట్టు తిప్పి తిప్పి నా ప్రాణం తీశావు కదయ్యా!"

నెస్టర్ కిటికీ వైపు తిరిగాడు. బయట కరుగుతున్న మంచు మీద తెల్లటి పొగ పొలాల దాకా పాకింది. ఆయన చెయ్యి మెల్లగా వెనక్కి వెళ్లి, నడుముకు కాస్త పైన, ఎడమవైపు ఆగింది.

"ఇక్కడ," అన్నాడు. "ఇక్కడ భగ్గుమంది. ఇంటికొచ్చాక నువ్వు కర్పూరం నూనె రాశావు స్టెఫా. ఏం తగిలిందని అడిగితే, సిగ్గేసి, మెట్ల మీద పడ్డానన్నాను. నీ చేతులు ఎంత చల్లగా ఉన్నాయో."

నేను జెర్సీ తిప్పి పెట్టాను. మచ్చ సరిగ్గా అక్కడే ఉంది.

"మాటంటే మాటే. తీసుకో," అన్నాడు నెస్టర్.

స్టెఫా అప్పటికే జెర్సీ చెయ్యి గుప్పెట్లో పట్టుకుంది. "నేను గుర్తుచెయ్యలేదు ఒరెస్ట్," అంది. కళ్లు నిండిపోయాయి. "ఆ నూనె సంగతి నేనెప్పుడూ ఎత్తలేదు. తనకే గుర్తొచ్చింది."

నేను జెర్సీని ఆవిడ ఒళ్లో పెట్టి, నా కోటు అడిగాను.